లెక్కలోనికి రాని గంప

కొమరోలు నుండి సముద్రము నూరు కిలోమీటర్లకు పైగా దూరము. నల్లమల నీడలో పెరిగిన పిల్లవాడు కడలి కెరటమును పాఠ్యపుస్తకములోని బొమ్మలోనే గాని కన్నులార చూచియుండడు. అయినను సముద్రము ఆ మెట్టసీమకు కొత్తది కాదు. సంతనాడు ఉల్లిగడ్డలకు, ఎండుమిరపకాయలకు ప్రక్కగా గోనెపట్టాపై పరచిన నెత్తళ్ళలో, ఎండురొయ్యలలో, ఉప్పు పట్టిన సొరచేప ముక్కలలో అది దర్శనమిచ్చుచునే యున్నది. వాన మొగము చాటువేసిన ఏట, కూరగాయలు ప్రియమైన దినములలో, పిడికెడు ఎండుచేపలతో కాచిన పులుసు కూలినాలి చేయు ఇంటి అన్నమునకు రుచియు, బలమును చేకూర్చుచున్నది. ఆ పిడికెడు చేప తీరము నుండి కొండల దాపునకు చేరులోపల ఎన్ని చేతులు మారినదో కొనువారు అడుగరు. ఆ చేతులలో పెక్కు స్త్రీల చేతులు.

1970 ఫిబ్రవరి 2న గిద్దలూరు, మార్కాపురము తాలూకాలు కర్నూలు జిల్లా నుండి విడివడి, ఒంగోలు ముఖ్యపట్టణముగా నేర్పడిన కొత్త జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడినది. ఆ విధముగా అడవికొండలకు, కొత్తపట్నము, వాడరేవు తీరములకు ఒకే కలెక్టరు కచేరి ఏర్పడెను. తరువాత జిల్లాల ఎల్లలు మరల మారినవి. 2022లో వాడరేవు బాపట్ల జిల్లాకు పోయినది. ఎల్లలు మారినను అన్నపుకంచములోని చుట్టరికము మారలేదు. కావున తీరమునందలి మత్స్యకార స్త్రీ స్థితిగతులు మెట్టప్రాంతపు బడిలో చర్చింపదగని విషయమని ఎవరును తలపరాదు.

చేపల వేట యనగానే తెప్పయు, వలయు, అలలతో పోరాడు పురుషుడును మనస్సులో మెదలుట సహజము. ఆ చిత్రము అబద్ధము కాదు; కాని సగము చిత్రము. తెల్లవారుజామున పడవ ఒడ్డు చేరు వేళకు ఆడువారు గంపలతో ఇసుకపై వేచియుందురు. వేటకు పోయినవాని పని వల ఒడ్డున పడుటతో చాలవరకు ముగియును; ఆమె పని అప్పుడే మొదలగును. వల కన్నులలో చిక్కిన చేపను చెడకుండ విడదీయవలెను. రకమునకు రకము, పరిమాణమునకు పరిమాణము వేరు చేయవలెను. వేలంపాటలో ధర తేల్చుకొనవలెను. గంప నెత్తికెత్తుకొని, ఎండ ముదిరి చేప మెత్తబడకమునుపే ఊరూరు తిరిగి అమ్మవలెను. అమ్ముడుపోని దానిని, ఎక్కువగా పడిన చిన్నచేపను కడిగి, ఉప్పు పట్టించి, ఎండబెట్టవలెను.

ఎండబెట్టుట చూచుటకు సులభముగా కనుపించును గాని అదియొక విద్య. ఉప్పు చేపలోని నీటిని వెలికిలాగును. ఎండయు గాలియు మిగిలిన తేమను హరించును. ఉప్పు తక్కువైనచో పురుగు పట్టును; ఎక్కువైనచో కొనువారు మొగము త్రిప్పుకొందురు. ఎండ చాలనిచో బూజు పట్టును. ఆకసమున మబ్బుతునక కనబడినంతనే పరచినదంతయు పరుగున కుప్పవేసి కప్పవలెను. ఒక్క అకాలపు జల్లు వారము దినముల పెట్టుబడిని నీటిపాలు చేయగలదు. ఇసుకపై పరచిన చేపకు ధర తక్కువ. నేలకు ఎత్తుగా కట్టిన పందిరులపై, సిమెంటు గచ్చుపై ఎండిన చేపకు ధర ఎక్కువ. ఈ సంగతి తీరపు స్త్రీలకు తెలియక కాదు. పందిరి వేసికొనుటకు చోటు, గచ్చు కట్టుటకు సొమ్ము వారిచేత లేవు.

లోతు నీటికి వలలతో పోవుట తెలుగు తీరమున పురుషుల పనియేయన్నది నిజము. అయినను నీటితో స్త్రీకి సంబంధమే లేదనుట పొరపాటు. ఏటి మొగలలో, ఉప్పుటేళ్ళలో మోకాటిలోతు నీటిలో చేతులతో తడవి రొయ్యలను, పీతలను పట్టు స్త్రీలు కలరు. బురదనేలలలో గుల్లలు ఏరి బ్రతుకు స్త్రీలును కలరు. పడవ లేదు గనుక వారు వేటగాండ్రుగా లెక్కకు రారు. ఒడ్డునే యుందురు గనుక గంప మోయువారును లెక్కకు రారు. పడవ నెక్కినవాడే మత్స్యకారుడు అను అప్రకటిత నిర్వచనము ఇంటినుండి కచేరి దాక వ్యాపించియున్నది.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2010లో జరిపిన గణనము ప్రకారము ఆంధ్ర తీరమున 555 మత్స్యకార గ్రామములు, ఆరు లక్షలకు పైగా మత్స్యకార జనాభా కలదు. ప్రపంచము మాట యెత్తినచో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఇతర సంస్థలతో కలిసి 2023లో ప్రకటించిన గ్రంథము పట్టబడు చేపలలో నూటికి 40 వంతులైనను చిన్నతరహా వేటయే సమకూర్చుచున్నదని తేల్చినది. ఆ వృత్తిలో పట్టుట మొదలు అమ్ముట వరకు గల పనులన్నియు కలిపి చూచినచో పదిమందిలో నలుగురు స్త్రీలే యని కూడ ఆ గ్రంథము చెప్పుచున్నది. ఒడ్డును గూడ కలిపి లెక్కించినప్పుడే ఈ అంకె బయటపడినది. కొలబద్ద మారగానే కనబడని మనుష్యులు కనబడిరి.

లెక్కలోనికి రాకపోవుట ఏదో గౌరవమునకు సంబంధించిన చిన్న కొరత యని తోచవచ్చును. దాని ఫలితము ప్రతి వేసవిలోను పొయ్యిమీద తెలియుచున్నది. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధము కలదు. 2015 నుండి ఈ గడువు 61 దినములు. అది చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. తల్లిచేపను ఆ రెండు మాసములు విడిచిపెట్టినచో తరువాతి పదిమాసములకు వల నిండునన్నది ఆశయము. ఆశయము మంచిది. పడవపై పనిచేయువారికి ఆ గడువులో ఇచ్చు జీవనభృతిని రాష్ట్ర ప్రభుత్వము 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెంచినది. అదియు మంచిపనియే. అయితే పడవ నిలిచిననాడే గంపయు నిలుచును. ఒడ్డున చేప పడనప్పుడు అమ్మునది లేదు, ఎండబెట్టునది లేదు. భర్త పడవ నెక్కువాడైనచో ఇంటికి కొంత సొమ్ము చేరును. భర్తను కోల్పోయిన స్త్రీ, మగదిక్కులేని స్త్రీ, ఇతరుల పడవల చేప కొని అమ్ముకొను స్త్రీ ఆ పట్టికలో ఎక్కడ? చేపల సంతతికై ఆమెయు రెండు మాసములు త్యాగము చేయుచున్నది. ఆ త్యాగమునకు పేరు లేదు, పరిహారము లేదు.

నియమము ఎవరి కడుపును మాడ్చి నిలుచునో, వారి మనస్సు దానికి ఎదురు తిరుగును. ఇది తీరమునకే కాదు, ప్రతి కట్టుబాటునకు వర్తించు సత్యము. నిషేధపు దినములలో చాటుగా వేసిన వల నుండి వచ్చిన చేపను కొనుటకు ఎవరైన ఉన్నప్పుడే ఆ వలకు బలము. అమ్మకము స్త్రీల చేతిలో నున్నది గనుక, నిషేధము యొక్క జయాపజయములు కొంతవరకు వారి చేతిలో నున్నవి. అట్టివారిని నియమమునకు భాగస్వాములుగా చేసికొనక, దాని బాధను మాత్రము పంచి యిచ్చుట న్యాయము కాదు, వివేకమును కాదు.

ఇక రెండవ సంగతి. సముద్రపు ఆరోగ్యమును మొట్టమొదట పసికట్టునది ఒడ్డున చేప వేరుచేయు చేయి. శాస్త్రజ్ఞుడు ఏడాదిపాటు లెక్కలు వ్రాసి, చేప పరిమాణము తగ్గినదని తేల్చును. గంప తూకము తెలిసిన స్త్రీ ఆ మాటను ఋతువు తిరుగకమునుపే చెప్పగలదు: నిరుడు ఇన్ని చేపలకు గంప నిండెను, ఏడాది తిరుగునప్పటికి ఇంకను ఎన్నో వేసినగాని నిండుటలేదు, గ్రుడ్లున్న చేప ముందుగానే వచ్చుచున్నది, ఒకప్పుడు రాసులుగా పడిన రకము కంటికి కానరాకున్నది. ఇది ఏ పుస్తకమునందును ఎక్కని జ్ఞానము. చేప తూకములు, రకములు వ్రాసికొను ఉద్యోగి పడవ యజమానిని అడుగును, దళారిని అడుగును. ప్రక్కనే కూర్చుండి చేపలు విడదీయుచున్న ఆమెను అడుగుట అరుదు.

తీరమునందలి తగవులకు మూలము తరచుగా వల కన్ను. కన్ను చిన్నదైనకొలది పిల్లచేప తప్పించుకొనజాలదు. 2020 డిసెంబరులో చీరాల సమీపమున వాడరేవు, కఠారిపాలెము గ్రామముల నడుమ వలల రకముపై పుట్టిన వివాదము ఘర్షణగా పరిణమించినది. విశాఖపట్నము తీరమున 2022 జనవరిలో రింగు వలలపై మత్స్యకార గ్రామములు తమలో తాము తలపడినవి. 1994 నాటి సముద్ర మత్స్య నియంత్రణ చట్టము క్రింద తీరము నుండి ఎనిమిది కిలోమీటర్ల వరకు గల జలములు చిన్న పడవలవారికి కేటాయింపబడినను, పెద్ద మరపడవలు ఆ గీత దాటుచున్నవన్న మొర వినబడుచునే యున్నది. నీటిపై గీత గీచిన చట్టమునకు కావలివారు తక్కువ. అందుచేత గ్రామపు కట్టుబాటే చట్టముకన్న దగ్గరి కాపుదలయగుచున్నది.

ఆ కట్టుబాటును నిర్ణయించునది కులపెద్దల సభ. దక్షిణ తీరమునందలి పట్టపు గ్రామములలో పెద్దలు విధించు కట్టడికి దురాయి యని పేరు. ఏ వల వేయరాదో, ఏ దినమున వేటకు పోరాదో, తప్పినవానికి దండుగ యెంతయో పెద్దలు చెప్పుదురు, ఊరు వినును. పోలీసుస్టేషను మెట్లెక్కకుండ తీరు ఇట్టి వ్యవస్థలో మేలును కలదు, పెత్తనము హద్దుమీరిన సందర్భములును కలవు. ఏది యెట్లున్నను ఆ చావడిలో కూర్చుండువారు పురుషులు. చేప వెల తెలిసినది, అప్పు తెలిసినది, పిల్లచేప తెలిసినది స్త్రీకి. తీర్పు మాత్రము ఆమె లేని చోట జరుగును.

అప్పుమాట వచ్చినది గనుక దానిని గూడ గమనింపవలెను. వలకు పెట్టుబడి, ఇంజనుకు డీజిలు, వేట లేనినాడు ఇంటిఖర్చు – వీని కొరకు చేబదులు తెచ్చునది తరచుగా ఇల్లాలే. దినదినము చేతికి వచ్చు చిల్లర ఆమెది గనుక వడ్డీ కట్టు పూచీ కూడ ఆమెదే. చేపలు తగ్గినకొలది పడవ ఇంకను దూరము పోవలెను. దూరము పోయినకొలది డీజిలు పెరుగును. డీజిలు పెరిగినకొలది అప్పు పెరుగును. అప్పు పెరిగినవాడు పిల్లచేపనైనను విడువడు. సముద్రము తరుగుటకును, ఇంటి పుస్తెలు తాకట్టునకు పోవుటకును నడుమ నున్న ఈ గొలుసును కచేరి లెక్కలు చూపవు.

కాలము తెచ్చిన మార్పులు కూడ ఆమెకు అన్నియు అనుకూలింపలేదు. నూలువలలు పోయి నైలాను వలలు వచ్చినవి. వల అల్లుటలో గడిచిన చేతులకు పని తగ్గినది. మరపడవలు వచ్చినవి, అవి ఊరి ఒడ్డున కాక పెద్ద రేవులలో ఆగుచున్నవి. మంచుగడ్డ వచ్చినది, లారీ వచ్చినది, రొయ్యకు విదేశపు ధర వచ్చినది. చేప చెడకుండ దూరము పోవుట దేశమునకు లాభమే. కాని రేవులోని వేలమున టన్నుల లెక్కన కొనగల వర్తకుని ముందు, గంపెడు చేపకు సరిపడు సొమ్ముతో నిలిచిన స్త్రీ ఏమి పాడగలదు? ఒకప్పుడు ఇంటి ముంగిట దొరకిన చేపకై ఆమె తెల్లవారకమునుపే ఆటో అద్దె యిచ్చి రేవునకు పోవలసివచ్చుచున్నది.

బస్సు మాట అంతకన్న కష్టము. భారతకథలో దాశరాజు ఇంట పెరిగి, యమునపై పడవ నడిపిన సత్యవతికి మత్స్యగంధి యని పేరు. పరాశరుని వరమున ఆమె యోజనగంధి యయ్యెను. వేదవ్యాసుని కన్నది, కురువంశమునకు ముత్తవ్వ యైనది ఆ జాలరి కన్యయే. పురాణము ఆమెను సింహాసనముపై కూర్చుండబెట్టినది. లోకము మాత్రము ఆమె తోబుట్టువును చేపవాసన పేరిట నేటికిని బస్సుమెట్టు మీదనుండి దింపుచున్నది. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము లభించినది. ఆ వసతి మనిషికి వచ్చినది, గంపకు రావలసియున్నది. కేరళలో 2021లో తిరువనంతపురపు మత్స్యకార స్త్రీల కొరకే సముద్ర యను పేర ప్రత్యేకపు బస్సులు నడుప మొదలిడిరి. దాని వెనుక ఆ ప్రాంతపు స్త్రీలు దశాబ్దములుగా వినిపించిన మొర కలదు.

అయితే స్త్రీకి స్థానమిచ్చినంతనే సముద్రము చేపలతో నిండిపోవునని తలచుట అమాయకత్వము. ఆకలికి స్త్రీపురుష భేదము లేదు. రొయ్యల చెరువులు విస్తరించిన 1990 ప్రాంతమున, ఏటి మొగలలో దోమతెరవంటి వలలతో రొయ్యపిల్లలను పట్టి అమ్మినవారిలో స్త్రీలును, బాలురును ఉండిరి. ఆ వలలో రొయ్యపిల్లతోపాటు పడిన ఇతర చేపపిల్లలు ఒడ్డుననే నశించినవి. పెట్టుబడి లేని స్త్రీ చౌకగా దొరకు పిల్లచేపనే కొని ఎండబెట్టుటయు కలదు. ఆమెను దేవతగా కీర్తించుటవలన ఈ సత్యము మరుగుపడరాదు. ఆమెకు హక్కు కావలెననుటకు కారణమిదియే: హక్కు లేనివానికి రేపటిపై నమ్మకముండదు, రేపటిపై నమ్మకము లేనివాడు నేడు దొరకిన పిల్లచేపను విడువడు.

హక్కును, బాధ్యతను ఒకేచోట చేర్చినప్పుడు ఏమి జరుగునో చూపు ఉదాహరణము పొరుగు రాష్ట్రముననే కలదు. తమిళనాడున రామనాథపురము జిల్లాలో, మన్నారు సింధుశాఖలోని దీవుల చుట్టు నీటమునిగి సముద్రపు పాచిని కోసి జీవించు స్త్రీలు వందల సంఖ్యలో నున్నారు. అది జాతీయ సముద్ర వనముగా ప్రకటింపబడిన ప్రాంతమగుటచే అటవీశాఖతో వారికి చిరకాలము ఘర్షణ నడిచినది. ఆ స్త్రీలు సంఘముగా కూడి, మాసమునకు పండ్రెండు దినములు మాత్రమే పాచి కోయుటకు తమకు తామే కట్టడి చేసికొనిరి. పాంబను దీవియందలి చిన్నపాళెమునకు చెందిన లక్ష్మి అను స్త్రీకి, వారి నాయకురాలిగా, 2015లో అంతర్జాతీయమైన సీకాలజీ బహుమానము లభించినది. బడిచదువు లేని స్త్రీల సభ ఒకటి, వనరు తరుగకుండ వాడుకొనుట ఎట్లో నిర్ణయించి, ఆ నిర్ణయమును నిలుపుకొన్నది.

దూరదేశమునకు పోయినచో కొరియాకు చెందిన జెజు దీవిలో హెన్యో యని పిలువబడు స్త్రీలు కలరు. శ్వాసయంత్రము లేకయే పది మీటర్ల లోతునకు మునిగి గుల్లలను, నత్తలను తెచ్చుట వారి వృత్తి. యంత్రము లేకపోవుటయే వారి కట్టడి. ఊపిరి నిలిచినంతసేపే వేట. ఎవరెంత తేవలెనన్నది లోభము చెప్పదు, ఊపిరి చెప్పును. 2016లో యునెస్కో ఆ సంప్రదాయమును మానవజాతి వారసత్వముగా గుర్తించినది. ఇట్టి అనుభవములను మనసునందుంచుకొనియే 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సభ్యదేశములు చిన్నతరహా వేటకు మార్గదర్శక సూత్రములను ఆమోదించి, అందు స్త్రీపురుష సమానత్వమునకు ప్రత్యేకస్థాన మిచ్చినవి. వానిని మద్రాసు నగరమునుండి మత్స్యకారుల కొరకు పనిచేసి, ఆ యేటి మార్చిలో అదృశ్యమైన మలేషియా విమానములో ప్రయాణించిన చంద్రికా శర్మ స్మృతికి అంకితమొనర్చిరి. సముద్రజనుల కొరకు వాదించిన స్త్రీని సముద్రమే దాచుకొనెనని విశ్వసింపబడుచున్నది.

ఇంతదూరము పోయిన ఆలోచన మరల కొమరోలు పొరుగునకే రావలసియున్నది. కంభము కనుమలో గుండ్లకమ్మ నదికి అడ్డముగా నిలిచిన చెరువు 1522–24 నడుమ కట్టబడినదని, గజపతి కుమార్తెయు కృష్ణదేవరాయల రాణియు నగు వరదరాజమ్మ దానిని కట్టించెనని చెప్పుదురు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని ప్రపంచ వారసత్వ కట్టడములలో చేర్చినది. రాణి పేరు నిలిచినది; సంతోషము. ఆ కట్టకు మట్టితట్ట మోసిన ఆడుకూలీల పేర్లు ఏ శాసనమునను లేవు. అయిదు శతాబ్దములు నీటిని ఆపినది వారు మోసిన మట్టియే. తట్ట మోసినదానిని మరచుట ఈ సీమకును, తీరమునకును సమానమైన అలవాటు.

అదే గుండ్లకమ్మ కంభము చెరువు దాటి, మార్కాపురము, అద్దంకి ప్రాంతముల మీదుగా పోయి, బంగాళాఖాతమున కలియుచున్నది. నది మంచినీరు ఉప్పునీటితో కలియు మొగలోనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు తలదాచుకొని పెరుగును. ఎగువను నీరు పూర్తిగా నిలిచిపోయినను, మురికి కలిసినను దిగువను మొగలో తడవి రొయ్య పట్టు స్త్రీ చేతికి ఆ సంగతి తెలియును. చెరువునీటికి వంతులు ఏర్పరచుకొని, పై మడివాడు తనకు చాలినంతనే క్రింది మడికి విడువవలెనన్న ధర్మమును తరతరములుగా నేర్చిన మెట్టసీమకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. సముద్రమునకును వంతు కావలెను. ఆ వంతు నిర్ణయించు పంచాయతీలో నీరు వాడు ప్రతి ఇంటికి నోరుండవలెను.

చేయదగిన పనులు అసాధ్యములు కావు. పడవ నెక్కువారినే గాక, చేప అమ్మువారిని, ఎండబెట్టువారిని, మొగలలో పట్టువారిని మత్స్యకారులుగా చేర్చి పట్టికలు తయారుచేయవలెను. నిషేధకాలపు భృతిలో ఆ స్త్రీలకు, అందును విధవలకు, ఒంటరివారికి భాగముండవలెను. 2014 నాటి వీధివర్తకుల చట్టము పట్టణ సమితులలో వర్తకుల ప్రతినిధులలో మూడవవంతు స్త్రీలుండవలెనని చెప్పుచున్నది. చేపల అంగడులలో నీడ, నీరు, మరుగు కల్పించుటకు ఆ ద్వారమును వాడుకొనవచ్చును. 2020లో ఏర్పడిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో స్త్రీలకు నూటికి అరువది వంతుల వరకు సాయము కలదు. అది యంత్రములు కొనగలవారికే గాక ఎండబెట్టు పందిరులకును చేరవలెను. అన్నిటికి మించి, వల కన్నుపై, వేట దినములపై తీర్మానము చేయు సభలో స్త్రీలకు స్థానము కావలెను. మొదట చాపపై ఒక మూల చోటిచ్చినను చాలును. చేప వెల తెలిసినవారి మాటకు విలువ తనంతట తానే వచ్చును.

ఖజానాపై భారమని కొందరు ఆక్షేపింపవచ్చును. నిషేధము విఫలమైననాడు తరుగు చేప విలువతో పోల్చినచో ఆ భారము చిన్నది. కులపెద్దల కట్టుబాటులో ఇతరులు జోక్యము చేసికొనరాదని మరికొందరనవచ్చును. ఆ కట్టుబాటు ఊరి శ్రేయస్సు కొరకే యైనచో, ఊరిలో సగమును వెలుపల నిలిపి శ్రేయస్సును నిర్ణయించుట ఎట్లో పెద్దలే ఆలోచింతురు గాక.

పాఠశాలల పాత్ర ఇందు స్వల్పము కాదు. వృత్తులను గూర్చిన పాఠములో జాలరి బొమ్మ ప్రక్కన గంపతో నిలిచిన స్త్రీ బొమ్మ కూడ నుండవలెను. గణితము చెప్పు ఉపాధ్యాయుడు సంతలోని ఎండుచేపనే లెక్కగా ఇయ్యవచ్చును: ఒడ్డున ధర యెంత, ఉప్పు యెంత, ఎండిన తరువాత తరుగు యెంత, బాడుగ యెంత, దళారి భాగమెంత, మోసిన చేతికి మిగిలినదెంత? ఆ లెక్క చేసిన విద్యార్థి తనంతట తానే తరువాతి ప్రశ్న వేయును. అదే విద్యార్థి రేపు గుమాస్తాయై, అధికారియై మత్స్యశాఖ పట్టిక ముందు కూర్చుండవచ్చును. వృత్తి యను గడిలో భర్త పేరు వ్రాసి, భార్యకు ఎదురుగా ఇంటిపని యని వ్రాయబోవునప్పుడు అతని కలము ఒక్క క్షణము ఆగినచో, బడిలో చేసిన ఆ లెక్క ఫలించినట్లే.